నకిరేకల్ దగ్గర పల్లెలో పాత మిద్దె ఇల్లు బాగుచేయించాలి, పంచాయతీ పర్మిషన్ కావాలా?

మూసీగట్టు:

అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది. తాత కట్టిన ఇల్లు, జాగ మొత్తం 140 గజాలు. వెనక రెండు అర్రలు మట్టి మిద్దె, ముందు వసారాకు బెంగుళూరు పెంకు. గోడలు రాతివే కానీ సిమెంటు లేదు, మట్టితో కట్టినవి. ఇన్నేళ్లుగా మా వీధిలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు, ఇప్పుడు రోడ్డు మా గడప కంటే మూరెడు ఎత్తున ఉంది, వాన గట్టిగా పడితే మోరి నీళ్లు నేరుగా ఇంట్లోకే వస్తాయి. పోయిన వానాకాలం మిద్దె ఒక మూల కురిసింది, దూలానికి చెదలు పట్టి మధ్యలో వంగింది, అమ్మ ఆ అర్రలో పడుకోవడమే మానేసింది.

నేను అనుకుంటున్నది ఏంటంటే మిద్దె తీసేసి స్లాబు వేయడం, లోపల నేల ఎత్తు చేయడం, అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఇంట్లోనే బాత్రూం కట్టి వెనక పెరట్లో సెప్టిక్ ట్యాంకు పెట్టడం, రెండేళ్ల తర్వాత డబ్బులుంటే పైన ఒక రూము. ఊళ్లో ఎవరిని అడిగినా "మన ఇల్లు మనం కట్టుకోవడానికి పర్మిషన్ ఏంది, సర్పంచ్‌కు ఒక మాట చెప్పు చాలు" అంటున్నారు. కానీ నాకు బ్యాంకులోను కావాలి, అక్కడికి పోతే పంచాయతీ అనుమతి, ప్లాను, ఎస్టిమేట్ తెమ్మన్నారు.

ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. ఇంటి నంబరు ఇంకా తాత పేరు మీదే ఉంది, నాన్న చనిపోయాడు, నాకు ఇద్దరు అక్కలు. ఎడమ వైపు గోడ మా పెదనాన్న కొడుకుతో ఉమ్మడి గోడ. రిజిస్ట్రేషన్ కాగితం ఏదీ లేదు, అది గ్రామకంఠం భూమి (ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న నివాస స్థలం), ఇంటి పన్ను రసీదులు మాత్రం పాతవి అన్నీ అమ్మ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఇందిరమ్మ ఇల్లు కింద అమ్మకు ఏమైనా వచ్చే అవకాశం ఉందా అన్నది కూడా చెప్పండి.


పాత కార్యదర్శి:

తమ్ముడూ, నేను నల్లగొండ జిల్లాలోనే పంచాయతీల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను.

ముందు ఒకటి తేల్చుకో, నువ్వు చేసేది రిపేరా, కొత్త కట్టడమా. సున్నం వేయడం, గోడలకు ప్లాస్టరింగ్ చేయడం, పగిలిన పెంకులు మార్చడం, నేలకు తాండూరు బండలో టైల్సో పరచడం, దర్వాజలు కిటికీలు మార్చడం, కరెంటు వైరింగు, ఇవన్నీ రిపేర్లు. వీటికి ఏ పల్లెలోనూ ఎవరూ ప్లాను అడగరు. లోపల నేల ఎత్తు చేసుకోవడం ఒక్కటే అయితే అదీ దాదాపు ఈ కోవలోదే. కానీ నువ్వు మిద్దె పీకి స్లాబు వేస్తానంటున్నావు, కొత్తగా బాత్రూం కడతానంటున్నావు, పైన రూము అంటున్నావు. కప్పు రకం మారి, ఎత్తు మారి, ఇంటి కొలత కూడా మారితే దాన్ని రిపేర్ అనడానికి లేదు, ఊళ్లో అందరూ రిపేరే అంటారు గానీ రికార్డు ప్రకారం అది కట్టడమే. దానికి అనుమతి తీసుకోవాలి.

ఆ అనుమతి ఇచ్చేది మీ గ్రామపంచాయతీయే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 300 చదరపు మీటర్ల లోపు జాగ, అంటే సుమారు 359 గజాలు, ఎత్తు 10 మీటర్ల లోపు, అంటే కింద ఒకటి పైన రెండు అంతస్తుల దాకా పంచాయతీ స్థాయిలోనే అయిపోతుంది. అది దాటితేనే డీటీసీపీ, అంటే పట్టణ ప్రణాళిక శాఖ వాళ్ల సాంకేతిక అనుమతి కావాలి. నీది 140 గజాలే, దాదాపు 117 చదరపు మీటర్లు, నీకు జిల్లా ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు. అయితే మీ ఊరు ఏదైనా అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలోకి వచ్చిందేమో కార్యదర్శిని ముందే అడుగు. చౌటుప్పల్ వైపు ఊళ్లు హైదరాబాద్ అథారిటీ అయిన హెచ్ఎండీఏలో ఉన్నాయి, అక్కడ లెక్క వేరు.

"సర్పంచ్‌కు ఒక మాట" సంగతి. 2024 జనవరి ఆఖరుతో పాత సర్పంచ్‌ల పదవీకాలం అయిపోయింది, ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది, 2025 డిసెంబర్‌లో ఎన్నికలై కొత్తవాళ్లు వచ్చారు. పాత సర్పంచ్ నోటిమాట మీద పునాది తీసినవాళ్లకు ఆ మధ్యకాలంలో చూపించడానికి ఏముంది చెప్పు? మాట ఇచ్చిన మనిషి మారతాడు, పక్కింటివాడు మాత్రం అక్కడే ఉంటాడు. అందుకని ఈ-పంచాయతీలో ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టి, అనుమతి ప్రొసీడింగ్స్ కాపీ చేతికి తీసుకున్నాకే పలుగు పట్టించు. బ్యాంకువాడు అడిగేది కూడా అదే కాగితం.

దరఖాస్తుకు ఏం కావాలంటే, ఇంజనీరు గీసి సంతకం చేసిన ప్లాను, ఇప్పుడున్న ఇంటి ఫోటోలు, ఇంటి పన్ను బకాయి లేదన్న రసీదు, జాగ నీదే అన్న రుజువు. నీ అసలు చిక్కు ఈ ఆఖరుదాని దగ్గరే. ఇంటి పన్ను రసీదు పన్ను కట్టినట్టు రుజువే గానీ హక్కు పత్రం కాదు. గ్రామకంఠంలో చాలామందికి వేరే కాగితం లేదు కాబట్టి రసీదులు, పంచాయతీ రిజిస్టర్‌లో పేరు, కరెంటు మీటరు, ఎన్నేళ్లుగా అక్కడే ఉంటున్నారు అన్నది అంతా కలిపి చూస్తారు. కానీ చనిపోయిన తాత పేరు మీద అనుమతి ఎవరికిస్తారు? కాబట్టి మొదటి పని పేరు మార్పిడి. తాత, నాన్న ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, తహసీల్దార్ ఆఫీసు నుంచి మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అక్కల సమ్మతి, ఇవి పెట్టి ఇంటి నంబరు అమ్మ పేరు మీదకు మార్పించు. తాతకు ఇంకా కొడుకులు ఉన్నారంటున్నావు, మీ పెదనాన్న ఉన్నాడు కదా, కాబట్టి అన్నదమ్ముల పంపకం కాగితం మీద జరిగిందా లేదా అన్నది కూడా చూసుకో. పంపకం అయిందని మాటలతోనే ఉంటే ఇప్పుడే రాసుకోండి, ఇల్లు లేచాక రాసుకోవడం కష్టం.

ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కట్టాలా అని ఎవరైనా భయపెడతారు, వినకు. అది 2020 ఆగస్టు 26కు ముందు అమ్మిన అనుమతిలేని లేఅవుట్ ప్లాట్ల కోసం. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి దానితో పని లేదు.


పాలమూరు సుతారి:

అన్నా కాగితాల సంగతి సార్ చెప్పిండు, నేను గోడల సంగతి చెప్తా. మాది నారాయణపేట వైపు, నేను మేస్త్రిని.

ఆ మట్టితో కట్టిన రాతి గోడల మీద స్లాబు వేయించొద్దు. మీ ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "అడుగు మందం మట్టి మోసిన గోడలు స్లాబు మోయవా" అని. బరువు లెక్కన చూస్తే వాళ్ల మాటలో కొంత నిజం ఉంది, ఐదించుల స్లాబు చదరపు అడుగుకు 30 కిలోలకు దగ్గరగా ఉంటుంది, అడుగు మందం మట్టి అంతకంటే ఎక్కువే. కానీ పాత మిద్దె బరువు గోడ మీద పడదు అన్నా. దంతెల నుంచి దూలానికి, దూలం నుంచి కింద కర్ర స్తంభానికి దిగుతుంది. మీ ఇంట్లో గోడను ఆనుకుని సగం గోడలో కలిసిపోయిన కర్ర స్తంభాలు ఉంటాయి చూడు, అవే ఇన్నేళ్లు మోసినయ్. గోడ ఊరికే అడ్డం. ఇప్పుడు స్తంభాలు తీసి ఆ గోడ మీద స్లాబు పెడితే బరువంతా మట్టి మీద కూర్చుంటుంది, దానికి తోడు రోడ్డు ఎత్తై మోరి నీళ్లు గోడ అడుగుకు తాకుతున్నయ్ అంటున్నవు. తడిసిన మట్టి అడుగున మెత్తబడితే పైన రాయి జారుతుంది. ప్రతి వానాకాలం పేపర్లో చూస్తూనే ఉంటం కదా, గోడ కూలి మనుషులు పోవడం.

అమ్మ ఒక్కతే ఉండే ఇల్లు అంటున్నవు. నీ దగ్గర పైసలు తక్కువుంటే పిల్లర్లు వేసి ఒక్క అర్ర, బాత్రూం కట్టు, ముందు వసారా పెంకు అట్లనే ఉండనీ. అంతేగానీ మొత్తం ఇంటికి పాత గోడల మీద స్లాబు అనకు.

పిల్లర్ గుంత మీ నేలను బట్టి ఉంటుంది. ఎర్ర చల్క అయితే తొందరగా గట్టి మొరం తగులుతుంది, నల్లరేగడి అయితే అది తగిలేదాకా పోవాలి, రేగడిలో సగంలో ఆపితే ఎండాకాలం నేల నెర్రెలిచ్చినప్పుడు గోడలు కూడా చీలుతయ్. పైన రూము వేస్తనంటున్నవు కాబట్టి ఇంజనీరుకు ఇప్పుడే చెప్పు, పిల్లర్ల కమ్మి, పునాది రెండంతస్తులకు లెక్క కట్టి ప్లానులో కూడా చూపిస్తడు. రెండేళ్ల తర్వాత గుర్తొస్తే పునాది పెద్దగైతదా?

బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలంటే ఇప్పుడున్న రోడ్డు మీద రెండడుగులైనా పెట్టు, మళ్లీ ఇంకో సీసీ రోడ్డు వేస్తరు. మెట్లు మాత్రం రోడ్డు మీదకు దించకు, మీ జాగలోపలే రావాలె. మెట్ల దగ్గర, అరుగుల దగ్గరే ఊళ్లల్ల సగం పంచాయితీలు. అమ్మకు మోకాళ్ల నొప్పులంటున్నవు కాబట్టి మెట్టు ఆరించులకు మించనీయకు, పక్కకు పట్టుకునేందుకు పైపు పెట్టించు.


లైన్ కింద ఇల్లు:

ఇంటి పక్కన గానీ మీద గానీ కరెంటు తీగలు పోతున్నాయా? ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. పాత మిద్దె ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తే ఉంటుంది, నువ్వు బేస్‌మెంట్ రెండడుగులు లేపి పదడుగుల స్లాబు వేసి పైన ఇంకో రూము కడితే ఎత్తు రెండింతలు దాటుతుంది, అప్పటిదాకా పట్టించుకోని తీగ చేతికి అందుతుంది. 11 కేవీ లైన్‌కు పక్కకు కనీసం 1.2 మీటర్లు, నిలువునా 3.7 మీటర్ల దూరం ఉండాలన్నది రూలు. మామూలు వీధి లైన్ అయినా నిలువునా 2.5 మీటర్లు. ఈ దూరం లేకపోతే ముందే కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి లైన్ మార్పించుకోవాలి, ఆ ఖర్చు దాదాపు మనమే పెట్టుకోవాలి, కాబట్టి ఎస్టిమేట్‌లో రాసుకో. సెంట్రింగ్ కమ్మి పైకి అందించేటప్పుడు తీగకు తగిలి చనిపోయిన కూలీలు ఎంతమందో. పని రోజున లైన్‌మన్‌కు చెప్పి సప్లయ్ బంద్ చేయించకుండా పొడుగు కమ్మి లేపనీయకు.


మూసీగట్టు:

సార్, అన్నా, చాలా థ్యాంక్స్. తీగల సంగతి నాకు తట్టనే లేదు. ఇంటి ముందు స్తంభం ఉంది, మామూలు లైనే అనుకుంటా, ఈసారి పోయినప్పుడు లైన్‌మన్‌ను పిలిపిస్తా.

సుతారి అన్న చెప్పినట్టు గోడలోపల కర్ర స్తంభాలు నిజంగానే ఉన్నాయి, అమ్మను ఫోన్లో అడిగితే నాలుగున్నాయి అంది, ఒకదానికి చిన్నప్పుడు ఉయ్యాల కట్టేవాళ్లు. పాత గోడల మీద స్లాబు ఆలోచన మానేస్తున్నాను.

ఇప్పుడు నాకు పెద్ద టెన్షన్ ఉమ్మడి గోడే. పిల్లర్లు వేయాలంటే ఆ గోడ తీయాలా? మా అన్న, అంటే పెదనాన్న కొడుకు, మంచివాడే కానీ వదినకు మాకూ మాటల్లేవు.


దేవరకొండ ఆడబిడ్డ:

తమ్ముడూ ఉమ్మడి గోడ గురించి నేను చెప్తాను, మా పుట్టింటి దగ్గర ఇదే జరిగింది. మా నాన్న ఇల్లు కడుతుంటే పక్కింటివాళ్లు గోడలో మాకూ సగం ఉంది, పునాది మా వైపు జరిగింది అని అర్జీ పెట్టారు. పని లింటెల్ దాకా వచ్చి ఆగిపోయింది. వచ్చిన అధికారి కాగితాలు అన్నీ ఉన్నా కూడా "మీరూ మీరూ తేల్చుకుని రండి" అని వెళ్లిపోయాడు, సిమెంటు బస్తాలు మా కళ్లముందే గడ్డకట్టాయి. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

చివరికి ఎట్లా తేలిందంటే, ఉమ్మడి గోడను ముట్టుకోలేదు. అది అట్లాగే నిలబెట్టి మా పిల్లర్లు తొమ్మిదించులు మా లోపలికి జరిపి మా జాగలోనే కొత్త గోడ లేపుకున్నాం. రూము కొంచెం ఇరుకైంది, పోనీ. స్టాంపు కాగితం మీద ఇద్దరి కొలతలు రాసుకుని, ఆ గోడ ఉమ్మడిదే, ఎవరూ తీయకూడదు, ఎవరి చూరు నీళ్లు వాళ్ల జాగలోనే పడాలి అని రాసి ఇద్దరూ, ఇద్దరు పెద్దమనుషులూ సంతకాలు పెట్టారు. చూరు నీళ్ల సంగతి చిన్నది అనుకోకు. ఇప్పుడు మీ మిద్దె నీళ్లు ఎటు పోతున్నాయో చూడు, స్లాబు వేశాక వాటం మారితే నీళ్లన్నీ వాళ్ల వాకిట్లో పడతాయి, గొడవ అక్కడ మొదలవుతుంది. స్లాబు వాటం వెనక పెరటి వైపుకు ఇప్పించి పైపుతో దింపండి.

ఇంకోమాట, మీ అక్కల గురించి. 2005లో హిందూ వారసత్వ చట్టం మారినప్పటి నుంచి ఆడపిల్లలకు కూడా కొడుకుతో సమానంగా హక్కుంది. "మా అక్కలు అడగరులే" అని చాలామంది తమ్ముళ్లు అనుకుంటారు. అడగకపోవచ్చు. కానీ రేపు బ్యాంకు వాడు అడుగుతాడు. పేరు అమ్మ మీదకు మారితే సమ్మతి అఫిడవిట్ సరిపోవచ్చు, ఇల్లు నీ పేరు మీదకు రావాలంటే మాత్రం రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు కావాలి. అది అడిగే ముందు వాళ్లను ఇంటికి పిలిచి, అమ్మ ముందు కూర్చోబెట్టి, ఏం కడుతున్నావో ఎందుకు కడుతున్నావో చెప్పు. పుట్టింటి కాగితం మీద సంతకం పెట్టమని ఆదరాబాదరాగా ఫోన్లో అడిగించుకోవడం ఆడబిడ్డకు ఎంత బాధో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.


పాత కార్యదర్శి:

ఆ అమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఒకటి కలుపుతా. కొలతలు తీసేటప్పుడు మీ అన్నను పిలిచి అతని ముందే టేపు పట్టించు, ఆ రోజే ఇప్పుడున్న గోడతో సహా ఫోటోలు తీసి తారీఖు వచ్చేటట్టు పెట్టుకో. కూలగొట్టాక పాత గోడ ఎక్కడుండేదో సాక్ష్యం ఉండదు.

ఇందిరమ్మ ఇల్లు అడిగావు. పథకం 2024 మార్చిలో మొదలైంది, 5 లక్షలు ఇస్తారు, అది కూడా ఒకేసారి కాదు, బేస్‌మెంట్ అయ్యాక లక్ష, తర్వాత గోడలకు, స్లాబుకు, పూర్తయ్యాక అట్లా దశలవారీగా బ్యాంకు ఖాతాలో పడతాయి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. అది కొత్తగా కట్టుకునేవాళ్లకు, రిపేర్లకు రాదు. మీ అమ్మ అర్హురాలా కాదా అన్నది ఊళ్లో సర్వేలో పేరుందా లేదా అన్నదాన్ని బట్టి, నీ ఉద్యోగం, రేషన్ కార్డు అన్నీ చూస్తారు. ఒకవేళ వస్తే ముగ్గు పోసి మొదలుపెట్టే ముందు వాళ్లు ఫోటో తీయాలి, కాబట్టి లిస్టు సంగతి తేలకముందే గుంతలు తీయకు. వస్తే మాత్రం 600 అడుగుల లెక్క దాటనివ్వకు, ఈ మాట పట్టించుకోక బిల్లులు ఆగినవాళ్లను విన్నాను.


జడ్చర్ల రోడ్డు:

ఈ థ్రెడ్ చూసి అడుగుతున్నా, మాది మహబూబ్‌నగర్ పక్కన ఊరు, టౌన్‌లో కలిసింది. ఇంటి పన్ను కూడా ఇప్పుడు అక్కడే కడుతున్నాం. మాకూ పంచాయతీ రూలేనా? రేకుల ఇల్లు 70 గజాల్లో ఉంది, తీసి స్లాబు వేయాలి.


పాత కార్యదర్శి:

లేదు, మీకు పంచాయతీతో సంబంధం లేదు. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది, అందులో కలిసిన ఊళ్లకు పట్టణ రూల్సే. అక్కడ 2020లో వచ్చిన బీపాస్ చట్టం, అంటే పట్టణాల్లో ఇంటి అనుమతుల చట్టం నడుస్తుంది. 75 గజాల లోపు జాగలో కింద, పైన ఒకటి దాకా అయితే అసలు అనుమతే అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుని రూపాయి కడితే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే యజమాని తానే ధ్రువీకరించి వెంటనే అనుమతి తీసుకోవచ్చు. మీ 70 గజాలకు మొదటిదే వర్తిస్తుంది. కానీ ఒక్కటి, తానే ధ్రువీకరించడం అంటే రాసినదానికి బాధ్యత కూడా మనదే. చెరువు శిఖం (నీళ్లు నిలిచే భూమి) పక్కనో నాలా పక్కనో ఉండి కూడా లేదని రాస్తే నోటీసు లేకుండానే కూలగొట్టే అధికారం వాళ్లకుంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. పాలమూరు చుట్టూ కుంటలు ఎక్కువ, ఎండాకాలం చూసి పొలమే అనుకోకండి.


జడ్చర్ల రోడ్డు:

చెరువు దూరమే సార్. సంతోషం. రేపే ఇంజనీరును కలుస్తా.


మిర్యాలగూడ టు టెక్సాస్:

నేను అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాను, ఇక్కడ టౌన్ బయట కౌంటీలో ఇల్లు కొన్నాం. చిత్రం ఏంటంటే ఇక్కడ పెద్ద దేశం కదా, ఎన్ని అనుమతులో అనుకున్నాను, కానీ సిటీ హద్దు దాటితే చాలా కౌంటీల్లో ఇంట్లో రూము కలుపుకోవడానికి బిల్డింగ్ పర్మిట్టే ఉండదు. సెప్టిక్ ట్యాంకు మాత్రం కచ్చితంగా పర్మిట్ తీసుకోవాలి, నేల నీళ్లు పీలుస్తుందా లేదా పరీక్ష చేసి గానీ వేయనివ్వరు, వరద వచ్చే జాగ అయితే దానికి ఇంకో పర్మిట్. బెడ్‌రూములు పెరిగితే సెప్టిక్ సరిపోతుందా అని మళ్లీ చూస్తారు. మన దగ్గర దీనికి పూర్తిగా తలకిందులు, స్లాబు గురించి అందరూ అడుగుతారు, సెప్టిక్ గుంత ఎక్కడ తీస్తున్నావని ఒక్కరూ అడగరు. మూసీగట్టు తమ్ముడూ, పెరట్లో బోరు ఉందా? ఉంటే మురుగు ఇంకే గుంత దానికి 50 అడుగులన్నా దూరంగా ఉండేటట్టు చూసుకో, పక్కింటి బోరుకు కూడా. మీ 140 గజాల్లో అంత దూరం దొరకకపోతే ట్యాంకు అడుగు, గోడలు నీళ్లు దిగకుండా సిమెంటుతో కట్టించి నిండినప్పుడు ఎత్తించుకోవడమే మేలు.

నాదొక ప్రశ్న. మిర్యాలగూడ దగ్గర మా నాన్న ఇల్లు కూడా ఇట్లాంటిదే, ఇప్పుడు నా పేరు మీద ఉంది. నేను రాలేను, మా బావ దరఖాస్తు పెట్టొచ్చా?


పాత కార్యదర్శి:

పెట్టొచ్చు బాబూ, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి. అక్కడ మన కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించి పంపు, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు కట్టించాలి. ఆ గడువు ఉందని చాలామందికి తెలియదు. అందులో "ఇంటి అనుమతికి దరఖాస్తు పెట్టడం, కట్టించడం, పన్ను కట్టడం" అని విడివిడిగా రాయించు, అమ్మే హక్కు అవసరం లేకపోతే రాయకు.

సెప్టిక్ సంగతి నువ్వు చెప్పింది మంచి మాట. కొత్తగా బోరు వేయాలనుకున్నా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద తహసీల్దార్ దగ్గర అనుమతి ఉంటుంది, మీసేవలో దరఖాస్తు పెట్టాలి.


మూసీగట్టు:

బోరు మాకు లేదు అన్నా, భగీరథ నల్లా నీళ్లే. కానీ పెదనాన్న వాళ్ల పెరట్లో ఉంది, మా వెనక గోడకు దగ్గరే. కాబట్టి సిమెంటు ట్యాంకే కట్టిస్తాను, ఎటూ సెప్టిక్ ట్యాంకర్ నకిరేకల్ నుంచి వస్తుంది, వీధిలోకి పైపు అందుతుందా అన్నది చూసుకుంటే చాలు.

ఈ ఆదివారం అక్కలిద్దరినీ ఊరికి రమ్మన్నాను, అమ్మ ముందే మాట్లాడతాం. పేరు మార్పిడి కాగితాలకు ముందు మీసేవకు పోతాను, నాన్న మరణ ధ్రువపత్రం ఉంది, తాతది దొరకడం లేదు. తాత పోయి ముప్పై ఏళ్లు దాటింది, అప్పట్లో ఎవరూ నమోదు చేయించలేదనుకుంటా. దానికి ఏం చేయాలి సార్?


పాత కార్యదర్శి:

ముందు పంచాయతీలో, తహసీల్దార్ ఆఫీసులో పాత జనన మరణ రిజిస్టర్లు వెతికించు, కొన్నిసార్లు పేరు తేడాగా రాసి ఉంటుంది, ఇంటిపేరుతో కాకుండా తండ్రి పేరుతో చూడమను. అక్కడ నిజంగా లేకపోతే నమోదు కాలేదని కాగితం తీసుకుని ఆలస్య నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటిన మరణం కాబట్టి రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి, ఊళ్లో ఇద్దరు పెద్దల వాంగ్మూలం, తాత పేరు ఉన్న పాత రేషన్ కార్డో ఓటరు లిస్టో ఉంటే జతచేయి. దీనికి టైం పడుతుంది, అందుకే ఇంజనీరు ప్లాను కంటే ముందు దీన్ని మొదలుపెట్టు. వానాకాలం లోపు అనుమతి రాకపోతే తొందరపడి మిద్దె పీకొద్దు. వంగిన దూలం కింద రెండు ఇనుప జాకీలు పెట్టించి, మిద్దె మీద టార్పాలిన్ కప్పించి, అమ్మను వసారాలోనే ఉంచు. అది రిపేరే, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, రేపే చేయించు.